కుక్క కరచిన పసిబిడ్డకు టీకాలు: పంచాయతీ సభ్యుల కర్తవ్యము

వీధిలో ఆడుకొనుచున్న అయిదేండ్ల బాలుని కుక్క కరచినది. తల్లిదండ్రులు పొలము పనికి పోయియున్నారు. దెబ్బలు పడునను భయముతో బిడ్డ ఆ సంగతి చెప్పడు. చెప్పినను, "గీత మాత్రమే పడినది, రక్తమైనను రాలేదు" అని పెద్దలు ఊరకుందురు. మన పల్లెలలో తరచు జరుగు ఈ ఉపేక్ష ప్రాణాంతకము. రేబీస్ లక్షణములు బయటపడిన పిదప దానిని కుదుర్చు మందు నేటికిని లేదు. కరచిన వెంటనే తగిన చికిత్స చేయించి, టీకాలు పూర్తిగా వేయించినచో వ్యాధిని నివారింపవచ్చును.

వ్యాధి సోకు విధము

రేబీస్ వైరస్ పిచ్చియెత్తిన జంతువు చొంగలో నుండును. కాటు వలన గాని, గీరుట వలన గాని, పుండును నాకుట వలన గాని శరీరమున ప్రవేశించి, నరముల వెంబడి మెదడునకు ప్రాకును. లక్షణములు సాధారణముగా రెండు మూడు నెలలకు కనబడును. ఒక్కొక్కప్పుడు కొలది వారములకే కనబడును. పసిబిడ్డ పొట్టిగా నుండుటచే కాటు తరచు ముఖముపైనను, తలపైనను, మెడపైనను పడును. అచ్చటినుండి మెదడునకు దూరము స్వల్పము. కావున పిల్లల విషయమున ఒక్క దినమైనను జాగు తగదు. పిల్లి, కోతి, నక్క కరచినను ఇదే జాగ్రత్త వహింపవలెను.

మొదట చేయవలసినది

గాయమును బోరింగు వద్దనో, కుళాయి క్రిందనో సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, సున్నము, ఆకు పసరు పెట్టరాదు, కట్టు కట్టరాదు. మంత్రగాని కొరకు వెదకక, నాడే బిడ్డను ఆరోగ్య కేంద్రమునకు కొనిపోవలెను.

టీకాల సంగతి

"పసివాడు, ఇన్ని సూదులకు తాళలేడు" అను మాట సరికాదు. నెలల బిడ్డకైనను ఈ టీకా వేయవచ్చును. మోతాదు పెద్దలకెంతయో పిల్లలకును అంతయే. బొడ్డు చుట్టు పదునాలుగు సూదులు పొడుచు పాత మందు తయారీ మన దేశమున 2004లో నిలిచిపోయినది. నేటి టీకాను పెద్ద పిల్లలకు భుజముపైనను, రెండేండ్లలోపు వారికి తొడపైనను వేయుదురు. మొదటి సూది వేసిన దినమును సున్నగా లెక్కించి, చర్మములో వేయు పద్ధతిలో 0, 3, 7, 28 దినములందును, కండలో వేయు పద్ధతిలో 0, 3, 7, 14, 28 దినములందును వేయింపవలెను.

రక్తము వచ్చిన కాటైనచో టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ అను మందును బిడ్డ బరువును బట్టి గాయములోనే ఎక్కింతురు. టీకా బలము శరీరమునకు పట్టుటకు కొన్ని దినములు కావలెను. అంతవరకు ఈ మందే కాపుదల. కరచిన కుక్కను పది దినములు కనిపెట్టి చూడవలెను గాని, అందుకొరకు టీకాను ఆపరాదు.

1885 జులై 6న ప్యారిస్‌లో లూయీ పాశ్చర్ టీకా మొదలుపెట్టించిన జోసెఫ్ మైస్టర్ తొమ్మిదేండ్ల బాలుడు. పిచ్చికుక్క కాటునకు గురియైన ఆ బాలుడు బ్రతికి పెద్దవాడయ్యెను.

పంచాయతీ చేయవలసిన పనులు

1. కుక్కకాటునకు ఒక పుస్తకము పెట్టి, బిడ్డ పేరు, కాటు పడిన తేదీ, టీకా తేదీలు వ్రాయవలెను. నొప్పి తగ్గినదనియో, కూలి పోవుననియో తలిదండ్రులు చివరి సూదులు మానుదురు. ఆ తేదీకి ముందునాడే సభ్యుడు వారి ఇంటికి పోయి జ్ఞాపకము చేయవలెను.

2. ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఏ ఆసుపత్రిలో దొరకునో ముందే తెలిసికొని, వాహన సదుపాయము చూడవలెను.

3. కుక్క కరచినను, గీరినను వెంటనే చెప్పవలెనని బడిలో పిల్లలకు నేర్పింపవలెను. చెప్పిన బిడ్డను దండింపరాదని పెద్దలకు బోధింపవలెను.

4. పెంపుడు కుక్కలకు ఏటేట టీకా వేయింపవలెను. వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకా జరిపించుట 2023 నాటి నిబంధనల ప్రకారము స్థానిక సంస్థల బాధ్యత.

గ్రామమున ఏ బిడ్డకును చివరి సూది తప్పకుండ చూచుట ఒక సభ్యుని శ్రద్ధతో సాధ్యమగు పని. అందుకు కావలసినది ఒక పుస్తకము, ఒక గడప త్రొక్కు ఓపిక.