పాత ఇంటిని పడగొట్టకముందు

మన వసతి గృహంలో చదివి ఉద్యోగంలో చేరిన వారిలో చాలామందికి మొదటి రెండు మూడేండ్లలో వచ్చే ఆలోచన ఒక్కటే. ఊళ్లోని పాత ఇల్లు పడగొట్టాలి, స్లాబు వేయాలి. ఈ కోరికను మేము తక్కువ చేసి మాట్లాడటం లేదు. వానాకాలంలో కారే చోటల్లా గిన్నెలు, బకెట్లు పెడుతూ, పుస్తకాల సంచి ఏ మూల తడవకుండా ఉంటుందో వెతుక్కుంటూ పెరిగిన పిల్లలకు స్లాబు అంటే గౌరవం. నలుగురిలో అమ్మానాయనలు తలెత్తుకోవాలన్న పట్టుదల అందులో ఉంది. అయితే దాని కోసం చేసే అప్పును కూడా ఒకసారి లెక్కవేసి చూడాలి. నూటికి రెండు రూపాయల మిత్తికి మూడు లక్షలు తెస్తే నెలకు 6,000, ఏడాదికి 72,000 రూపాయలు మిత్తికే పోతాయి. అసలు అట్లనే ఉంటుంది. చెల్లె ఇంటర్ చదువు, తమ్ముని డిగ్రీ ఫీజు ఆ మిత్తి కింద నలిగిపోయిన ఇండ్లను మేము చూశాము. పాత ఇంటిని తక్కువ ఖర్చుతో, చల్లగా, చక్కగా ఎట్లా చేసుకోవచ్చో చెప్పడమే ఈ పాఠం ఉద్దేశం.

ముందుగా ఒక హద్దు గీసుకుందాం. గోడ బయటికి ఒరిగినా, దూలం మధ్యలో చీలినా, గోడ అడుగు భాగం కరిగి లోపలికి తిన్నట్లు కనిపించినా ఆ ఇంట్లో పడుకోకూడదు. దానికి రంగులు వేయడం ప్రమాదాన్ని దాచడమే అవుతుంది. అటువంటి ఇల్లు ఉన్న అర్హులైన కుటుంబాలు 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇండ్ల పథకానికి దరఖాస్తు చేసుకోవడం మంచిది. దాని కింద 5 లక్షల రూపాయల సాయం ప్రకటించారు. మా మాటలు నిలబడి ఉన్న ఇండ్ల గురించి మాత్రమే.

మట్టికి శత్రువు నీరు

మట్టిగోడ అనగానే బలహీనమైనదని అనుకుంటాం. ఓరుగల్లు కోట చూసినవారు రాతికోట, తోరణాలు చూసి ఫోటోలు దిగి వస్తారు. ఆ రాతికోట చుట్టూ మట్టికోట కూడా ఉన్నదని గమనించేవారు తక్కువ. కాకతీయుల కాలంలో పోసిన ఆ మట్టి గట్లు ఏడు వందల ఏండ్లు దాటినా ఇంకా నిలిచే ఉన్నాయి. మట్టి దానంతటది కూలదు. దాని అడుగున నీరు నిలిస్తే కూలుతుంది.

కాబట్టి పాత ఇంటికి మొదటి పని రంగు కాదు, నీటిని గోడకు దూరం చేయడం. 1,000 చదరపు అడుగుల కప్పు అంటే సుమారు 93 చదరపు మీటర్లు. దాని మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 93 లీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన ఒక్క రాత్రి పడితే 4,650 లీటర్లు! ఈ నీళ్లన్నీ చూరు నుంచి జారి ఎక్కడ పడుతున్నాయి? గోడ మొదట్లోనే. చూరు కింద రేకు తొట్టి కట్టి, పైపు ద్వారా ఆ నీటిని గోడకు కనీసం పది అడుగుల దూరంలో తవ్విన ఇంకుడు గుంతలోకి పంపితే ఒకే ఖర్చుతో రెండు పనులు అవుతాయి. గోడ ఎండుతుంది, బోరుకు నీరు అందుతుంది. గుంతలో అడుగున పెద్ద రాళ్లు, ఆపైన కంకర, అన్నిటికన్నా పైన ఇసుక వేయాలి. స్నానాల నీళ్లు పోయే మోరీ గోడ పక్కనుంచే పోతుంటే దాన్ని కూడా జరపాలి.

రెండవ శత్రువు సిమెంటు. ఈ మాట వింటే మేస్త్రీలు నవ్వుతారు. కానీ కారణం చూడండి. మట్టిగోడ వానాకాలంలో తేమ పీల్చుకుంటుంది, ఎండకు వదులుతుంది. దాని మీద సిమెంటు గిలాబు చేస్తే లోపలి తేమ బయటికి పోలేక అక్కడే ఆగుతుంది. మట్టి కొద్దిగా ఉబ్బి తగ్గుతుంటే గట్టి సిమెంటు దానితోపాటు కదలలేదు. కొన్నేండ్లకు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది, ఊడేటప్పుడు గోడ మట్టిని కూడా పట్టుకొని వస్తుంది. తప్పు మట్టిదని మనం అనుకుంటాం.

మట్టిగోడకు మట్టి గిలాబే సరైనది. ఏ మట్టి? నల్లరేగడి పనికిరాదు, ఎండితే నెర్రెలు బారుతుంది. ఎర్రమట్టి మంచిది. తెలుసుకోవడానికి ఒక చిన్న ప్రయోగం ఉంది. గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు కలిపి బాగా ఊపి ఒక రోజు కదపకుండా ఉంచండి. ముందుగా ఇసుక, దాని మీద ఒండు, అన్నిటికన్నా పైన బంకమట్టి పొరలుగా పేరుకుంటాయి. బంక పొర మరీ మందంగా ఉంటే ఇసుక కలపాలి, అసలే లేకుంటే ఆ మట్టి గోడకు అంటదు. సరిపోయిన మట్టిలో వరిగడ్డి ముక్కలు, ఊక కలిపి, నీళ్లు పోసి నాలుగైదు రోజులు నాననిచ్చి, తొక్కి పూయాలి. మన అమ్మమ్మలకు ఇదంతా సీసా లేకుండానే తెలుసు. పిడికెడు మట్టి తీసుకొని ఉండ చేసి చూసి చెప్పేవారు.

సున్నం: పదవ తరగతి పాఠం, గోడ మీద

పరీక్షలో రెండు మార్కులకు రాసిన సమీకరణం ఇక్కడ పనికొస్తుంది. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే కార్బన్ డయాక్సైడు పోయి పొడి సున్నం, అంటే కాల్షియం ఆక్సైడు మిగులుతుంది. దాన్ని నీళ్లలో వేస్తే బుసబుసమని పొంగి, వేడి పుట్టి, కాల్షియం హైడ్రాక్సైడు అవుతుంది. గోడకు పూసినప్పుడు అది గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లగా తీసుకొని రెండు మూడు రోజుల్లో పలుచని కాల్షియం కార్బనేటు పొరగా మారుతుంది. అంటే మళ్లీ రాయి అయింది. ఈ పొర నీటి ఆవిరిని అడ్డుకోదు, గోడ ఊపిరి పీల్చుకుంటుంది. సున్నానికి క్షార గుణం ఉన్నందున బూజు కూడా తొందరగా పట్టదు.

కిలో సున్నానికి సుమారు 5 లీటర్ల నీళ్లు పట్టుకొని, 24 గంటలు నానబెట్టి, బట్టతో వడగట్టాలి. వేడి నీళ్లలో కరిగించిన తుమ్మ జిగురు కొద్దిగా కలిపితే చేతికి అంటదు. తెలుపు మెరవాలంటే కాస్త నీలిమందు కలపాలి, కిలో సున్నానికి 3 గ్రాములు దాటకూడదు. గోడను నీళ్లతో తడిపి, పలుచగా మూడు పూతలు వేయాలి. ఒకే మందపు పూత వేస్తే పొరలు లేస్తుంది. జాగ్రత్త ఒకటి ఉంది. సున్నాన్ని నీళ్లలో వేయాలి గాని, సున్నం మీద నీళ్లు కుమ్మరించకూడదు. కండ్లలో చిందితే చూపుకే ప్రమాదం. అల్యూమినియం గిన్నెను సున్నం తినేస్తుంది, పలుచని ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి మెత్తబడుతుంది. ఇనుప డ్రమ్ము వాడాలి, చిన్నపిల్లలను దూరం ఉంచాలి.

రంగు కావాలంటే? కొందరు పసుపు కలుపుదామంటారు. లాబ్‌లో పసుపు కాగితం సున్నపు నీటిలో ఏమైందో గుర్తు తెచ్చుకోండి, ఎర్రబడింది కదా! సున్నంలో నిలిచేవి మన్ను రంగులే. జాజు ఎరుపు ఇనుప ఆక్సైడు వల్ల వచ్చినది కనుక సున్నం దాన్ని ఏమీ చేయలేదు. తెల్లటి గోడకు అడుగున జానెడు జాజు పట్టీ, గడపకు జాజు, దాని మీద తెల్ల ముగ్గు. దీనికి మించిన అలంకరణ ఏ రంగుల దుకాణంలోనూ లేదని మా అభిప్రాయం.

పాత దర్వాజలకు, కిటికీలకు ఎప్పుడో వేసిన రంగును పొడిగా గీకవద్దు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, ఆ ధూళి చిన్నపిల్లల మెదడుకు చెడు చేస్తుంది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగును నీళ్లు చల్లి, తడిగానే గీకి, ఆ పెచ్చులను మూటగట్టి పారేయాలి. టేకు బయటపడ్డాక అవిసె నూనె పూస్తే చాలు. నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూలకు వేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరవేయాలి. ఇంకొక మాట, పాత టేకు దర్వాజలు కొనడానికి వచ్చే బేరగాళ్లకు అవి తొందరపడి అమ్మవద్దు. అటువంటి చేవగల టేకు ఇప్పుడు కొనాలంటే చాలా పిరం.

కప్పు, కోతులు, ఎండ

మన వరంగల్ పల్లెల్లో గూన పెంకులు పోవడానికి ఫ్యాషన్ కన్నా కోతులు పెద్ద కారణం. ఏటా మృగశిరకు ముందు గూన సర్దించినా, పది రోజుల్లో కోతుల మంద వచ్చి మళ్లీ పగలగొడుతుంది. దీనికి మా దగ్గర మందు లేదు. ముండ్ల కంపలు, వలలు అన్నీ ఊళ్లల్లో చూశాము, కోతులు కూడా చూశాయి. అందుకే చాలామంది రేకులకు మారారు. వారిని తప్పు పట్టలేం.

కాని రేకుల విషయంలో రెండు సంగతులు తెలియాలి. సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే రాతినార ఉంటుంది. ఆ నార దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏండ్ల తర్వాత కాన్సర్ రావచ్చు. రేకు కదలకుండా పైన ఉన్నంతకాలం ప్రమాదం తక్కువ. రంధ్రాలు కొట్టడం, కోయడం, పగిలిన ముక్కలను పొడి చీపురుతో ఊడ్వడం ప్రమాదం. ముక్కలను తడిపి తీయాలి, వాటిని వాకిట్లో పరిచి నడవకూడదు. కొత్తగా వేసేవారు ఇనుప రేకులు వేసుకోవడం మేలు. రెండవది వేడి. రేకు కింద ఒక అడుగు జాగా వదిలి వెదురు తడక కట్టి, రెండు చివర్లా గాలి పోయేందుకు దారి ఉంచితే ఆ వేడి మన నెత్తి మీదికి దిగదు. రేకు పైన తెల్ల పూత వేస్తే ఇంకా మంచిది.

ఇప్పటికే స్లాబు వేసుకున్న మిత్రులకు కూడా ఇదే వర్తిస్తుంది. స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రి కక్కుతుంది. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ కాసిన రోజు రాత్రి పదకొండు గంటలకు కూడా ఫ్యాను వేడి గాలి విసరడానికి కారణం అదే. పైన తెల్ల సున్నం పూత వేస్తే ఎండలో చాలా భాగం వెనక్కి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 2023–28 కాలానికి కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు ఆపై స్థలాల్లో కట్టే ఇండ్లకు దాన్ని తప్పనిసరి చేసి, చిన్న ఇండ్లకు ఇష్టానికి వదిలింది. అరవై గజాల ఇంట్లో ఆరుగురు పడుకునే చోటే వేడి ఎక్కువ అన్నది మన అనుభవం.

ఒక పని మాత్రం ఎన్నడూ చేయవద్దు. మట్టిగోడల మీద స్లాబు పోయించవద్దు. పాలంపేటలో 1213లో కట్టిన రామప్ప గుడి శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. కింద ఏమి మోయగలదో చూసి పైన బరువు పెట్టడం కాకతీయుల శిల్పులకు తెలుసు. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన ఆ గుడికి విహారయాత్రకు వెళ్లినప్పుడు ఈ విషయం గుర్తుంచుకొని చూడండి.

పడమటి గోడకు చిక్కుడు పాదో, బీర పాదో పందిరి మీద పాకిస్తే మధ్యాహ్నపు ఎండ ఆగుతుంది, కూర వస్తుంది. చీకటి అర్రకు కప్పులో ఒక అద్దం పెంకు పెడితే పగలు లైటు అక్కరలేదు. 75 వాట్ల ఫ్యాను రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు, 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యాను అయితే 11 యూనిట్లలోపే. 2024 మార్చిలో మొదలైన గృహజ్యోతి కింద బిల్లు మాఫీ పొందే కుటుంబాలకు 200 యూనిట్ల హద్దు దాటకుండా ఉండటానికి ఎండాకాలంలో ఇది పనికొస్తుంది. పాత వైరింగు మాత్రం తెలిసినవారితో మార్పించి, ఎర్తింగు పెట్టించాలి. తడిగోడ, ఒలిచిన వైరు కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

లోపలి అలంకరణకు మనం దూరం పోనక్కరలేదు. వరంగల్ కొత్తవాడలో నేసే నూలు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకటి కొంటే ఏండ్ల తరబడి ఉంటుంది, ఉతుక్కోవచ్చు. మన పాత వరంగల్ జిల్లాలో ఉండి 2016లో సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాలలో నకాషీ కళాకారులు ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసి పటాలు వేస్తారు. మాదిగ వాడల్లో జాంబ పురాణం చెప్పే డక్కలి కళాకారులు విప్పి చూపే పటాలు ఆ చేతుల్లోనివే. మన తాతలు రాత్రంతా కూర్చొని విన్న కథ అది. గోడకు సీనరీ ఫోటో బదులు అటువంటి చిన్న పటం ఒకటి పెట్టుకుంటే ఇంటికి వచ్చిన పిల్లలకు చెప్పడానికి ఒక కథ ఉంటుంది.

పనుల వరుస ఇట్లా పెట్టుకోండి. సంక్రాంతి దాటాక మోరీ జరపడం, ఇంకుడు గుంత, ఆ తర్వాత మట్టి గిలాబు. అది పూర్తిగా ఎండాక ఉగాదికి ముందు సున్నం. ఎండలు ముదరకముందే సున్నం వేయాలి, లేకపోతే తొందరగా ఆరిపోయి పొడిగా రాలుతుంది. కప్పు పని మే నెలలో. ఇంటికి పోయే వీలు లేని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ సెలవుల్లోపు ఒక మట్టిపెళ్ల మీద సున్నం పూసి వారం ఉంచి, దాని మీద నిమ్మరసం చుక్క వేసి చూడండి. సన్నని బుడగలు వస్తే ఆ పూత గాలిని పీల్చుకొని రాయిగా మారిందని అర్థం. ఆ బుడగల్లో ఏ వాయువు ఉంటుందో పదవ తరగతి వారు చిన్నవారికి చెప్పగలరు.