మొదటి తప్పు – మారే దారి

మిరప కోతలో ఉన్న ఒక తల్లికి కబురొచ్చింది. "నీ కొడుకును నరసరావుపేటలో పోలీసులు పట్టుకున్నారు. జేబులో గంజాయి పొట్లం దొరికింది."

పిల్లవాడికి 19 ఏళ్ళు. ఇంతకుముందు ఏ కేసూ లేదు. తల్లి చదువుల కేంద్రానికి పరుగెత్తింది.

"పంతులమ్మా, నా బిడ్డ బతుకు జైలు పాలేనా?"

"ఏడవకు అత్తా. చట్టంలో ఏముందో చూద్దాం" అన్నది పంతులమ్మ.

మత్తుమందుల చట్టం 1985లో వచ్చింది. గంజాయి తాగడం నేరం. దగ్గర ఉంచుకోవడమూ నేరమే. తాగితే 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కిలో లోపు దొరికితే ఏడాది దాకా జైలు, లేదా అంతే జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే 10 ఏళ్ళకు తగ్గదు.

కానీ చిన్న కేసులో మారడానికి దారులున్నాయి.

ఒకటి: 64-ఎ సెక్షన్. అలవాటు పడినవాడు తనంతట తానే ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రిలో చేరాలి. చికిత్స పూర్తి చేయాలి. అప్పుడు ఆ కేసులో విచారణ, శిక్ష ఉండవు. మధ్యలో మానేస్తే మళ్ళీ కేసు నడపవచ్చు.

రెండు: 39వ సెక్షన్. నేరం రుజువైనా, అతను ఒప్పుకుంటే కోర్టు చికిత్సకు పంపవచ్చు. ఏడాది లోపల డాక్టరు రిపోర్టు చూపాలి. బాగుపడితే మందలించి, పూచీ రాయించుకొని వదలవచ్చు.

మూడు: 1958 నాటి ప్రొబేషన్ చట్టం. అలవాటు లేనివాడు మొదటిసారి తాగి దొరికాడనుకోండి. మంచిగా ఉంటానని పూచీ ఇస్తే కోర్టు జైలుకు పంపకుండా వదలవచ్చు.

వీటిలో ఏదీ దానంతటదే రాదు. అడగాలి. నిర్ణయం కోర్టుది. మూటలు కట్టి అమ్మేవాళ్ళకు ఈ దారులు లేవు.

"ప్లీడరుకు డబ్బులెక్కడివమ్మా?" అన్నది తల్లి.

"అరెస్టయి లోపలున్నవాళ్ళకు ప్రభుత్వమే ఉచితంగా ప్లీడరును ఇస్తుంది. 1987 చట్టం అది. 15100కు ఫోను చెయ్యి. అలవాటు మాన్పించే సలహాకు 14446."

తల్లి పలక అందుకుంది. రెండు నెంబర్లూ తనే రాసుకుంది. ఆ అంకెలు ఆమె ఈ కేంద్రంలోనే నేర్చుకుంది.

చెప్పండి:
1. చికిత్స మధ్యలో మానేస్తే ఏమవుతుంది?
2. ఉచిత ప్లీడరు కోసం ఏ నెంబరుకు ఫోను చేయాలి?
3. మీ వీధి పిల్లవాడు ఇట్లా దొరికితే వెలివేస్తారా? దారి చూపుతారా? మాట్లాడుకోండి.