కాలపరిమాణము – కంప్యూటరు పొరపాటు

మనము వ్రాసిన కాలపరిమాణమును కంప్యూటరు తప్పుగా గ్రహించుట చిన్న దోషముగా కనబడును. దాని ఫలితము మాత్రము చిన్నది కాదు.

పల్నాటి పిడుగురాళ్లలో ఒక సున్నపు బట్టీ కూలి, దినమునకు 2.30 గంటలు అదనముగా పని చేసెనని పుస్తకములో వ్రాసిరనుకొందము. దాని భావము రెండు గంటల ముప్పది నిమిషములు. ప్రోగ్రాము దానిని దశాంశ సంఖ్యగా చదివినచో, 0.30ను 60తో హెచ్చవేసి, 2 గంటల 18 నిమిషములని తేల్చును. దినమునకు 12 నిమిషముల లోపము. పది దినములకు 2 గంటల కూలి నష్టము. గుణకారము తప్పలేదు, చుక్కకు అర్థమే మారినది.

పదముల విషయమును ఇట్టిదే. పూర్వపు కొలతలో ఘడియ, ఉర్దూలో ఘడీ, 24 నిమిషములు; జాము, ఉర్దూలో పహర్, 3 గంటలు. ఘడియను గంటగా తలచినచో రెండు ఘడియల 48 నిమిషములు 120 నిమిషములగును. నెల మరింత చిక్కైనది. హిజ్రీ నెలకు 29 లేక 30 దినములు. ఇంగ్లీషు నెలకు 28 మొదలు 31 వరకు. ఆరంభ తేదీ తెలియనిదే ‘ఒక నెల’ దినములలోనికి మారదు.

ఈ చిక్కును తీర్చుటకు 1988లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 8601 ప్రమాణము ఒక లిపిపద్ధతిని చూపినది. అందు ‘పి1ఎం’ అనగా ఒక నెల, ‘పిటి1ఎం’ అనగా ఒక నిమిషము. నడుమనున్న ‘టి’ని విడిచినచో నిమిషము నెలయగును!

కావున విద్యార్థులారా, అంకె ప్రక్కన కొలతను తప్పక వ్రాయుడు. ప్రోగ్రాము రచించునపుడు, సందేహము కలిగినచోట యంత్రము ఊహింపక మరల ప్రశ్నించునట్లు రచింపుడు. ఒకరి శ్రమఫలము ఆ ప్రశ్నపై ఆధారపడియుండవచ్చును.