ఉద్యోగ చింత - విశ్వాసి వైఖరి

ఆందోళన చెందేవాని విశ్వాసం బలహీనమైనదని కొందరు భావిస్తారు. ఇది సరికాదు. హజ్రత్ యాఖూబ్ (అలై) కుమారుని ఎడబాటుతో చూపు కోల్పోయేంతగా దుఃఖించారని ఖుర్ఆన్ చెబుతోంది. అయితే ఆయన తన బాధను అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు. యూసుఫ్‌ను, అతని సోదరుణ్ణి వెతకమని కుమారులను పంపారు. దైవకారుణ్యం పట్ల నిరాశ చెందవద్దన్నారు. మొర, ప్రయత్నం, ఆశ - ఈ మూడూ ఉన్నచోట దుఃఖం పాపం కాదు.

నేడు మన ఆఫీసు ఉద్యోగులను చింత ఎందుకు పీడిస్తోంది? మొదటి కారణం అనిశ్చితి. 2016 అక్టోబరు 11న ఆదిలాబాద్ జిల్లా నాలుగు జిల్లాలైంది. కరీంనగర్ జిల్లా కూడా ముక్కలైంది. 2021 డిసెంబరు 6 నాటి జీవో 317 మేరకు ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయించినప్పుడు సీనియారిటీ లేని పలువురు సొంత జిల్లా వదలవలసి వచ్చింది. పిల్లల చదువు, ముసలి తల్లిదండ్రుల సేవ ఒక్క ఉత్తర్వుతో ప్రశ్నార్థకమయ్యాయి. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి, 2018లోగాని తెరుచుకోలేదు. అంతకాలం దానిపై ఆధారపడిన ఇళ్ళలో పొయ్యి గురించే బెంగ.

రెండవది, పని ఎక్కువై, దానిపై తన మాట చెల్లకపోవటం. ఈ రెండూ కలిసినచోట ఒత్తిడి పెరుగుతుందని రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లో వివరించాడు. చేతికింది వారిపై శక్తికి మించిన భారం మోపరాదని, మోపితే తామూ చేయి వేయాలని దైవప్రవక్త (స) ఏనాడో ఆదేశించారు. మనలో అధికారులైనవారు ఈ ఆదేశాన్ని గుర్తుంచుకోవాలి.

మూడవది అప్పు. దైవప్రవక్త (స) చింత, దుఃఖాల నుండి శరణు వేడిన దుఆలోనే రుణభారం నుండి కూడా శరణు వేడుకున్నారు. ఆడంబరపు పెళ్ళికి, ప్లాటుకు వడ్డీ అప్పు చేసి, ప్రతి నెలా ఒకటో తేదీకి భయపడటం మనం కొనితెచ్చుకున్న చింతే. బదిలీ మన చేతిలో లేదు. ఖర్చు మన చేతిలో ఉంది.

కనుక చేయవలసింది ఏమిటి? బదిలీ విషయంలో అన్యాయం జరిగితే అర్జీ పెట్టుకోవాలి. అది తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ఇంటి లెక్క భార్యాభర్తలు కలిసి కూర్చుని చూసుకోవాలి. నమాజ్ వేళకు ఫైలు మూసి లేవాలి. ఆ కాసేపు మనసు తన ప్రభువు ముందు నిలుస్తుంది.

నిద్ర పట్టకపోవటం, గుండెదడ, చీటికిమాటికి కోపం వారాల తరబడి ఉంటే 'నమాజ్ సరిగా చేయటం లేదు' అని నిందించకండి. డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. ప్రతి వ్యాధికీ అల్లాహ్ చికిత్సను ఇచ్చాడని దైవప్రవక్త (స) తెలిపారు. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

యాఖూబ్ (అలై)కు కుమారుణ్ణి, చూపును తిరిగి ప్రసాదించిన అల్లాహ్ మన ఇళ్ళకు కూడా మనశ్శాంతిని ప్రసాదించుగాక! ఆమీన్.