యాప్‌తో పియానో శ్రుతి చేసుకోవచ్చా?

ప్రశ్న: పాప కోసం పాత అప్‌రైట్ పియానో కొన్నాం. శ్రుతి చేసేవాళ్లు దగ్గర్లో లేరు. ఫోన్‌లో యాప్ పెట్టుకుని నేనే చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చేసుకోవచ్చు, కానీ గిటార్ ట్యూనర్‌తో వద్దండీ. పియానో తీగలు బిరుసు. అందుకే వాటి ఉపస్వరాలు లెక్క ప్రకారం ఉండాల్సినదానికన్నా కాస్త పైన పలుకుతాయి. దానికి తగ్గట్టు పై స్థాయిని కొంచెం హెచ్చించి, మంద్రాన్ని కొంచెం తగ్గించి కట్టాలి. ట్యూన్‌ల్యాబ్, పియానోమీటర్ లాంటి యాప్‌లు మీ పియానోను విని ఆ తేడా లెక్కగడతాయి.

అసలు పని మాత్రం చేతిది. 88 మెట్లకు తీగలు దాదాపు 230. మధ్య స్థాయిలో మెట్టుకు మూడేసి ఉంటాయి. రెండింటిని రబ్బరు ముక్కలతో అణచి, మూడోదాన్ని యాప్ చూసి సరిచేయండి. మిగతావి దానితో కలిపేటప్పుడు ఫోన్ పక్కన పెట్టేయండి. తేడా ఉంటే నాదం అలలా ఊగుతుంది. దగ్గరపడేకొద్దీ ఊగు నెమ్మదించి ఆగిపోతుంది. అక్కడ చెవే నయం.

పానా, పట్టకారు ముట్టుకోవద్దు. పియానో ట్యూనింగ్ లీవరే కొనండి. తీగ చుట్టిన పిన్నును వెంట్రుకవాసి తిప్పి, మెట్టు గట్టిగా నొక్కి చూడండి. కొత్తవాళ్ల చేతిలో తీగ తెగేది ఎక్కువగా పక్క పిన్ను పొరపాటున తిప్పినప్పుడే.

శ్రుతి అరస్వరం దిగిపోయి ఉన్నా, పిన్నులు వదులై నిలబడకపోయినా మీరు దిగకండి. తీగల మొత్తం లాగుడు టన్నుల్లో ఉంటుంది. చెన్నై నుంచైనా సరే, తెలిసినవాళ్లను పిలిపించండి. సముద్రపు తేమకు శ్రుతి త్వరగా చెదురుతుంది కాబట్టి, ఆ తర్వాత వచ్చే చిన్నచిన్న సవరణలు మీవి.