ఖరిదాలో అద్దె గది కుదుర్చుకోవడం

బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు పెట్టిన కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు మనుషులు ఇక్కడికి వస్తూనే ఉన్నారు. 1928లో ఆ రైల్వే కార్మికుల సమ్మెను నడిపించిన వి.వి.గిరి బరంపురంలో పుట్టిన తెలుగువారే. అప్పుడు రైల్వే ఉద్యోగం వచ్చినవాళ్లకు క్వార్టర్ వచ్చేది. ఇప్పుడు మేస్త్రీ పనికో కొట్లో పనికో వచ్చేవాళ్లకు ఆ ఆసరా లేదు. గది వాళ్లే వెతుక్కోవాలి.

ముందు ఊరివాళ్ల ఇంట్లో దిగండి. పిన్ని, మావయ్య అని పిలవగలిగిన మనిషి ఒక్కరున్నా ఖరగ్‌పూర్‌లోని ఖరిదా పేట సందుల్లో ఏ ఇల్లు ఖాళీగా ఉందో తెలుస్తుంది. అయితే అక్కడే నెలల తరబడి ఉండిపోవద్దు, చుట్టరికం చెడుతుంది.

ఈలోగా ఎవరో ఒకరు చవక దారి చూపిస్తారు. రైల్వే క్వార్టర్లో ఒక గది ఇస్తామంటారు, లేదా పట్టాల పక్కన ఖాళీ జాగాలో పాక వేసుకోమంటారు. రెండూ వద్దు. ఉద్యోగి తన క్వార్టర్‌ను అద్దెకివ్వడం నిషిద్ధం. తనిఖీలో దొరికితే ఆయనకు శిక్ష పడుతుంది, మీకు గూడు పోతుంది. రైల్వే నేల మీది పాకను ప్రభుత్వ స్థలాల ఆక్రమణలపై ఉన్న 1971 నాటి చట్టం కింద ఖాళీ చేయిస్తారు. పైసా పైసా కూడబెట్టి కొన్న రేకులు, వాసాలు ఒక్క పూటలో పోతాయి. నెలకు కొంత ఎక్కువైనా సొంతదారు ఉన్న ఇంట్లో గదే మేలని నా గట్టి నమ్మకం.

గదిని కుళాయి వచ్చే వేళ చూడండి. బిందెల వరస ఎంతుందో, మరుగుదొడ్డి ఎన్ని కాపురాలకో అప్పుడే తెలుస్తుంది. వానాకాలమైతే వాన పడ్డ మర్నాడు వెళ్లి గోడ అడుగున చెమ్మ తడిమి చూడండి.

నచ్చాక బేరం. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసినప్పుడు తిరిగిస్తారా, కరెంటు యూనిట్‌కు ఎంత అన్నవి కాగితం మీద రాయించండి. చేరిన రోజు మీటర్ అంకె కూడా రాసుకోండి. 1997 నాటి పశ్చిమ బెంగాల్ అద్దె చట్టం వర్తించే గదికి యజమాని రసీదు ఇవ్వాలి. తెలిసినవాడే కదా అని మొహమాటపడితే గొడవ వచ్చిన రోజు మీ చేతిలో ఏమీ ఉండదు.

గదిలో చేరాక రేషన్. ఆహార భద్రతా చట్టం కింద వచ్చిన ఆంధ్రా కార్డైతే ఇక్కడి దుకాణంలోనూ వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. ఊళ్లో అమ్మానాన్నలు అదే కార్డు మీద ఉంటే ఎవరెంత తీసుకోవాలో ముందే ఫోన్లో అనుకోండి.