భవంతి ఇల్లు

మానవునకు కూడు, గుడ్డ, గూడు అను మూడును ముఖ్యావసరములు. వీనిలో గూడు ఎండవానలనుండి మనలను కాపాడుటకు ఏర్పడినది. కాని ఎండవానలనుండి కాపాడుట యనగా గాలిని, వెలుతురును, ఆకాశమును ఇంటినుండి వెలివేయుట కాదు. ఈ సత్యమును మన పూర్వులు బాగుగ ఎరిగియుండిరి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో నేటికిని అక్కడక్కడ నిలిచియున్న భవంతి ఇండ్లే అందులకు నిదర్శనము.

ఈ మూడు పట్టణములును పూర్వము కరీంనగరము జిల్లాలోనివి. 2016 అక్టోబరులో క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు జగిత్యాలయు, సిరిసిల్లయు జిల్లా కేంద్రములైనవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరినది. ఉత్తరమున గోదావరియు, సిరిసిల్ల చెంత మానేరును ఉన్నను ఇచ్చటి వేసవి మిక్కిలి తీవ్రమైనది. మే మాసమున వేడిమి 45 డిగ్రీల వరకు పోవుట కలదు. విద్యుత్తు లేని కాలమున ఇట్టి ఎండలను జనులు ఎట్లు ఓర్చుకొనిరి? ఆ ప్రశ్నకు సమాధానము ఆ ఇంటి కట్టడములోనే కలదు.

వీధినుండి వచ్చువారికి మొదట అరుగులు కనబడును. బాటసారులు కూర్చుండుటకును, సాయంకాలము ఇరుగుపొరుగువారు మాటలాడుకొనుటకును అవి తగిన తావులు. అరుగుల నడుమ టేకు దర్వాజ. దానిని దాటి లోనికి పోగానే మరల ఆకాశము కనబడును! నాలుగు వైపుల అర్రలు, వాని ముందు కంబములపై నిలిచిన వసారా, నట్టనడుమ కప్పులేని ఆవరణము, ఇదియే భవంతి. కోస్తా జిల్లాలలో దీనినే మండువా లోగిలి యందురు. ఇంటి వెనుక పెరడు, అందు చేదబావి, వేపచెట్టు, కరివేపచెట్టు ఉండును. గోడలు మట్టివి. కంబములును దూలములును అడవి టేకువి. పైకప్పు కుమ్మరి చేసిన గూనపెంకులది. అన్నియు చుట్టుపట్ల దొరకునవే.

ఇల్లు చల్లగా ఉండుటకు కారణము వినుడు. మందమైన మట్టిగోడ ఎండకు త్వరగా కాగదు. పగటి వేడి దానిని దాటి లోనికి వచ్చుసరికే ప్రొద్దు క్రుంకును. వేడి గాలి తేలికయైనది కావున భవంతిమీదుగా పైకి పోవును. దాని స్థానమున పెరటిచెట్ల నీడలోని చల్లగాలి అర్రలగుండ లోనికి వచ్చును. రాత్రివేళ చల్లని గాలి బరువై భవంతిలోనికి దిగి అర్రలలో వ్యాపించును. గూనపెంకుల వరుసల నడుమనున్న సందులలోని గాలియు ఎండవేడిని కొంత అడ్డుకొనును. వాన కురిసినపుడు లోపలి చూరునుండి జారిన నీరు భవంతిలో పడి, తూముగుండ వెలికి పోవును.

ఇట్టి ఇంటిలో సామగ్రి తక్కువ. గోడలోని గూడే దీపపు స్థానము. బట్టలకు దండెము, పాలు పెరుగులకు ఉట్టి, కూర్చుండుటకు పీట, పరుండుటకు నులకమంచము. ఒకే వసారాలో ఉదయము పిల్లలు చదువుకొందురు, మధ్యాహ్నము స్త్రీలు పప్పు విసరుదురు, రాత్రి అందరును నిద్రింతురు. వేసవి రాత్రులలో మంచము భవంతిలోనికి వచ్చును. వాన రాగానే వసారాలోనికి పోవును. ఋతువును బట్టి మనుష్యులు తావు మార్చుకొందురు గాని, ప్రతి పనికిని ఒక గది కోరరు.

నేడు మరమగ్గములకు పేరొందిన సిరిసిల్లలో పూర్వము చేనేతయే జీవనము. నేతగాని ఇంటిలో మగ్గము కూడ ఒక కుటుంబసభ్యుని వంటిది. నేలలో గుంట త్రవ్వి, అందు కాళ్లు పెట్టి కూర్చుండి నేసెడివారు. నేలలోని చెమ్మ వలన నూలుపోగు ఎండి తెగిపోకుండెడిది. ఇల్లు నేలతో పొందిన స్నేహమే అచ్చట అన్నము పెట్టినది.

ఈ విధానము మనకే పరిమితము కాదు. ప్రాచీన రోమునగరములోని ధనికులు ఇంటి నడుమ కప్పు తెరచి, వాననీటిని క్రింది తొట్టిలో పట్టెడివారు. బీజింగు నగరపు పాత ఇండ్లకును నాలుగు వైపుల గదులు, నడుమ ముంగిలి కలవు.

అట్టి ఇండ్లు నేడు ఏల తగ్గుచున్నవి? అన్నదమ్ములు వేరుపడినప్పుడు అర్రలను పంచుకొనవచ్చును. భవంతిని పంచుట ఎట్లు? నడుమ గోడ లేచినంతనే ఇరువురకును గాలియు వెలుతురును తగ్గును. మరియు మట్టిగోడకు చెదలు పట్టును. ఏటేట వానలకు ముందు గూన తిరుగవేయింపవలెను. కోతులు పెంకులను పగులగొట్టును. 1970ల నుండి ఈ ప్రాంతపువారెందరో గల్ఫు దేశములకు పోయి, ఎండలో చెమటోడ్చి, ఆ ధనముతో సిమెంటు ఇండ్లు కట్టుకొనిరి. అది వారి కష్టఫలము, దానిని తప్పుపట్టరాదు. కాని ఏ ఎండకు ఓర్చి ధనము కూడబెట్టిరో ఆ ఎండయే స్లాబుగుండ దిగి వారి బిడ్డలకు నిద్రలేకుండ చేయుచున్నది. ఇది విచారింపదగిన విషయము.

పాత ఇండ్లలో లోపములు లేకపోలేదు. లోపలి అర్రలు కొన్ని చీకటిగా ఉండెడివి. భవంతి కలవారు కొందరే. కూలివారికి పూరిగుడిసెయే గతి. అయినను ఆ గుడిసెకును ఒక వాకిలి, ఒక వేపనీడ ఉండెడివి. కావున ఈ సూత్రము ధనముపై ఆధారపడినది కాదు.

గృహనిర్మాణమునకు అయిదు మైళ్ల లోపల దొరకు వస్తువులనే వాడవలెనని గాంధీమహాత్ముడు చెప్పిన మాట, ఇంగ్లండులో 1917లో పుట్టి కేరళమున స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకరు మనసున నాటుకొనినది. ఆయన ఇటుకలను సందులు విడిచి పేర్చి, కిటికీ వ్యయము లేకుండ గాలి వెలుతురులు వచ్చునట్లు గోడలు కట్టి, 2007లో మరణించువరకు తక్కువ ఖర్చు ఇండ్లకు మార్గదర్శి యయ్యెను. తెలంగాణ ప్రభుత్వమును 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. ఎండను త్రిప్పికొట్టు తెల్లని పూత అందొక ఉపాయము.

చిన్న స్థలములోనైనను నడుమ నాలుగడుగుల ఖాళీ విడువవచ్చును. ఎదురెదురుగా కిటికీలు పెట్టవచ్చును. పడమటి వైపున ఒక చెట్టు నాటవచ్చును. ఖాళీగా విడిచిన స్థలము వృథా యని కొందరు తలతురు. కుండ ఉపయోగపడుట దానిలోని ఖాళీ వలననే కదా! ఇంటికిని అంతియే. ఆకాశమునకు కొంచెము చోటిచ్చిన ఇల్లు, అందు నివసించువారికి ఎక్కువ చోటిచ్చును.

ప్రశ్నలు

1. భవంతి ఇల్లు వేసవిలో చల్లగా ఉండుటకు గల కారణములను వ్రాయుడు.
2. సిరిసిల్ల నేతగాండ్రకు నేలలోని చెమ్మ ఎట్లు తోడ్పడెను?
3. పాత ఇండ్లు తగ్గుటకు కారణములు ఏవి? వానిలో మీరు అంగీకరించునవి ఏవి?
4. మీ ఇంటిలోనికి గాలియు వెలుతురును ఏ వైపునుండి వచ్చుచున్నవో గమనించి పది వాక్యములలో వర్ణింపుడు.